మూగ చిలకను ఎక్కడ పాతిపెట్టాలి

తాళాలాయన పొద్దున్నే లేచి మొదట చేసే పని ఇల్లంతా ఒకసారి చూసుకోవడం. రాత్రి తాను వేసిన తాళాలు తాను వేసినట్టే ఉన్నాయా, కిటికీ గడియలు ఎవరైనా కదిపారా, పెరటి తలుపు సందులో తాను ఇరికించిన అగ్గిపుల్ల అక్కడే ఉందా అని ఒక్కొక్కటే చూస్తాడు. తర్వాత భార్య చెప్పులు తిరగేసి అడుగున కొత్త మట్టి ఏమైనా అంటిందేమో చూస్తాడు. ఇవన్నీ అయ్యి మనసు కాస్త కుదుటపడ్డాక, వరండాలో చిలక పంజరం మీద కప్పిన గుడ్డ తీస్తాడు. ఊళ్ళో సగం ఇళ్ళ తాళాలు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. ఎలాంటి మొండి తాళమైనా చెవి దగ్గర పెట్టుకుని, సన్నటి ఊచతో కదిపి, లోపలి చప్పుడు విని తెరిచేస్తాడు. ఇంత సులువుగా తెరుచుకునే వాటిని నమ్ముకుని జనం ఎలా నిద్రపోతున్నారో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు గుడ్డ తీసేసరికి చిలక పంజరం అడుగున వెల్లకిలా పడి ఉంది.

ఇంకొకరైతే "అయ్యో" అనేవాళ్ళు. తాళాలాయన నీళ్ళ గిన్నె తీసి వాసన చూశాడు. గింజలు వేళ్ళతో నలిపి చూశాడు. పంజరం కొక్కెం ఎవరైనా వంచారేమోనని వెలుతురుకి పట్టి చూశాడు. పదేళ్ళు దాటిన చిలక, ముసలిదై పోయింది. ఆ మాట పసిపిల్లాడికి చెప్పినా ఒప్పుకుంటాడు.

"నిన్న దీనికి చివరగా తిండి పెట్టిందెవరు?" అని అడిగాడు.

"నేనేనండీ," అంది ఆయన భార్య, వంటింటి గుమ్మంలోకి వచ్చి. అని, పంజరం వైపు చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడకి నలభై దాటాయి. పెళ్ళికి ముందు స్కూలు వ్యాను నడిపేది. పెళ్ళయ్యాక ఆ వ్యాను ఎక్కడెక్కడ ఆగుతుంది, పిల్లల్ని దించుకోవడానికి ఎవరెవరు బయటికొస్తారు, వాళ్ళు నవ్వితే నువ్వెందుకు నవ్వావు అని తాళాలాయన రోజూ అడిగేసరికి, జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయి వ్యాను వదిలేసింది. పిల్లల్లేరు. ఇంట్లో ఉన్నది ఆయన, ఆవిడ, ఆయన తల్లి, ఈ చిలక. దానికి 'మూగది' అని పేరు పెట్టింది ఆ తల్లే. కొత్తలో దాని ముందు కూర్చుని పలుకులు నేర్పబోయింది, బతిమాలింది, పచ్చిమిరపకాయలు ఆశ చూపింది, చివరికి తిట్టింది కూడా. అది తల పక్కకి వంచి శ్రద్ధగా వినేదే తప్ప ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఇప్పుడు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఊళ్ళో చిలకని మట్టిలో పెట్టి నీళ్ళు పోస్తే, బతికినన్నాళ్ళూ అది విని, పైకి అనకుండా కడుపులో దాచుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఎవరి మాట వాళ్ళ గొంతులోనే వస్తుంది. మాట్లాడే చిలకలతో పేచీ లేదు, అవి వాగేదేదో ముందే వాగేసి ఉంటాయి. మూగవాటితోనే ముప్పు. అందుకే ఏ ఇంట్లో చిలక పోయినా, దాన్ని ఎక్కడ పెడతారా అని వీధి వీధంతా ఒక కన్నేసి ఉంచుతుంది. గుండె నిబ్బరం ఉన్నవాళ్ళు గుమ్మం ముందే పూలకుండీలో పెట్టి నలుగురూ చూస్తుండగా నీళ్ళు పోస్తారు. లేనివాళ్ళు ఊరవతల ఇసుక దిబ్బల్లోకి తీసుకెళ్ళి, వాన పడినా తడి దిగనంత లోతున పెట్టి, పైన బండరాయి దొర్లించి వస్తారు. ఆ దిబ్బల్లో బండరాళ్ళు చాలానే ఉన్నాయి.

"ఒరేయ్, ఆలస్యం చెయ్యకుండా దిబ్బలకి తీసుకుపోరా," అంది ముసలావిడ, మంచం దిగకుండానే. "ఇంట్లో పెడితే చీమలు పడతాయి."

"కుండీలో పెడితే చీమలెందుకు పడతాయమ్మా?"

"పడతాయి. వాటికి నువ్వు చెప్పాలా, నేను చెప్పాలా?"

"అత్తయ్య చెప్పింది నిజమేనండీ," అంది భార్య మెల్లగా. "ఎండెక్కక ముందే నేను తీసుకెళ్ళి పెట్టేసి వస్తాను. మీరు కొట్టుకి వెళ్ళండి."

తాళాలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కూరలో ఉప్పు దగ్గర కూడా ఏకమవ్వని అత్తాకోడళ్ళు ఇవాళ ఒకే మాట మీద నిలబడ్డారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. తల్లి సంగతి సరే, ఆ వయసులో ఏం దాస్తుంది, మహా అయితే ఇరుగుపొరుగు మీద నాలుగు చాడీలు. ఆయన చూపు భార్య మీద ఆగింది.

ఆరునెలలుగా ఆవిడలో ఏదో తేడా ఉంది. గిన్నెలు కడుగుతున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు పెదాలు కదులుతుంటాయి. ఆయన అడుగుల చప్పుడు వినపడగానే ఆగిపోతాయి. పైగా ఒకరోజు పక్కింటి పిన్ని గోడ మీదుగా, "మధ్యాహ్నాలు మీ ఆవిడ ఎవరితోనో మాట్లాడుతుంటుంది, చుట్టాలొచ్చారా అబ్బాయ్?" అని అడిగింది. అడిగి పిన్ని మర్చిపోయింది. తాళాలాయన మర్చిపోలేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే వేళ కాకుండా, రెండుసార్లు కొట్టు మూసి పనివేళలో ఇంటికొచ్చాడు. రెండుసార్లూ భార్య ఒక్కతే వరండాలో పంజరం ముందు కూర్చుని ఉంది. చెంపలు ఎర్రబడి ఉన్నాయి. "ఎవరొచ్చారు?" అంటే "ఎవరూ రాలేదండీ," అంది. వంటింట్లోకి వెళ్ళి కప్పులు చూశాడు. రెండోసారి ఒక కప్పు ఎక్కువ కడిగి ఉంది.

తల్లి మధ్యాహ్నం నిద్రపోతే పిడుగు పడినా లేవదు. ఆ ఇంటి మధ్యాహ్నాలకి సాక్షి ఒక్కటే. అది ఇప్పుడు చచ్చిపోయి అరచేతిలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళ పైచిలుకు సంసారం ఉంటుందో ఊడుతుందో ఆ పిడికెడు పిట్ట చెప్పాలి.

"దిబ్బలూ వద్దు, గిబ్బలూ వద్దు," అన్నాడు. "కుండీ తీసుకురా."

భార్య కుండీ తెచ్చింది. తన పాత బట్టల్లోంచి ఒక మెత్తటి ముక్క చింపి తెచ్చింది. చిలకని చేతుల్లోకి తీసుకుని, చెదిరిన ఈకలు వేలితో సర్ది, రెక్కలు దగ్గరికి ముడిచి, పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టింది. తల కప్పేముందు ఒక్క క్షణం ఆగి దాని ముఖంలోకి చూసింది. ఆ చూపు తాళాలాయన కంటపడింది. చచ్చిన పిట్టని చూసి ఏడ్చే చూపు కాదది. బతిమాలుతున్న చూపు.

ఈలోగా పక్కింటి పిన్ని గోడ మీద మోచేతులు ఆనించి సర్దుకుని నిలబడింది.

"ఇంటి ముందే పెడుతున్నారుగా?" అంది. "మేం మా చిలకని గుమ్మం పక్కనే పెట్టాం బాబూ. మాకేం భయం! నాలుగు రోజులూ మీ బాబాయి గురకే. ఐదో రోజు చివర్లో ఒక తుమ్ము."

"మీకేం పిన్నీ, మీది కడిగిన ముత్యం లాంటి సంసారం," అన్నాడు తాళాలాయన. కుండీలో మట్టి నింపి, చేత్తో అదిమి, చంకలో పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"కొట్టుకి. ఇంట్లో చీమలు పడతాయట కదా."

పిన్ని మొహం మాడిపోయింది. భార్య కుండీ వైపు ఒక అడుగు వేసింది. "అక్కడ... నీళ్ళు పోస్తారా?" అని అడిగింది.

"పొయ్యనిదే ఎలా తెలుస్తుంది?"

ఏం తెలుస్తుందని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే తాళాలాయనకి కాస్త ధైర్యంగా ఉండేది.

కొట్టు చాలా ఇరుకు. గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళంచెవులు. తాళంచెవులు రాకే యంత్రం పక్కన ఇనప రజను తుడిచి, కుండీని అక్కడ పెట్టాడు. షట్టర్ సగం దించాడు. టీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, చుట్టూ ఒకసారి చూసి, మెల్లగా పోశాడు.

మట్టి కాసేపు బుడగలు తేల్చింది. తర్వాత చీపురు చప్పుడు వచ్చింది. కుక్కరు కూత వచ్చింది. ఆ తర్వాత డబ్బా మూత ఊడదీస్తున్న చప్పుడు, దాని వెనకే ముసలి గొంతు గుసగుసగా, "ఒక్క చెంచానే. డాక్టరేమైనా ఇక్కడ కూర్చుని చూస్తున్నాడా?" అంది. మళ్ళీ డబ్బా మూత. "ఒక్క చెంచానే." ఆ చెంచాలు వచ్చి వచ్చి, సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి. చక్కెర డబ్బా ఇంత తొందరగా ఎలా ఖాళీ అవుతోందని భార్యని ఎన్నిసార్లు నిలదీశాడో తాళాలాయనకి గుర్తొచ్చింది. గుర్తు రానట్టు గ్లాసు తీసుకుని ఇంకాస్త నీళ్ళు పోశాడు.

కిరాణా కొట్టాయన మారుతాళం చెవి కోసం వంగి షట్టర్ కిందినుంచి లోపలికొచ్చాడు. కుండీలోంచి మాట వినపడగానే, పరాయివాళ్ళ పడకగదిలో అడుగుపెట్టినట్టు గభాల్న రెండు చెవులూ మూసుకున్నాడు.

"చిలకా? చెప్పొద్దూ మరి! అయిపోయాక కబురు చెయ్యండి, అప్పుడొస్తాను," అని వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. వీధిలో ఇంకో ఇద్దరికి ఆయనే చెప్పాడు కాబోలు, ఆ రోజు మరెవరూ కొట్టు గుమ్మం తొక్కలేదు.

రాత్రి భోజనం దగ్గర భార్య వడ్డిస్తూ, ప్లేటు వైపే చూస్తూ, "మాట్లాడిందా?" అని అడిగింది.

"ఆ."

"ఏమంది?"

"ఇంకా మొదలేగా. ముందుంది అసలు కథ," అన్నాడు, ఆవిడ చేతిలో గరిటె ఆగుతుందేమోనని చూస్తూ. ఆగింది.

"నా గురించేమైనా కూసిందా?" అని మంచం మీదనుంచి తల్లి కేకేసింది.

"నీకెందుకమ్మా భయం?"

"భయమా? నాకా? నేనెవరికీ భయపడనురా. చీమలకి తప్ప," అని ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు షట్టర్ పూర్తిగా దించేసి, బల్బు వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు పోసిన కాసేపటికి ఒక మగ గొంతు వచ్చింది.

"ఎక్కడికెళ్ళావు?"

తాళాలాయన సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.  దొరికాడు అనుకున్నాడు. ఇన్నాళ్ళకి దొరికాడు.

"ఇంతసేపా? దారిలో ఎవరు కలిశారు? ఎవరూ కలవకపోతే ఇంతసేపెందుకు?" అంది ఆ గొంతు. అరుపు లేదు, తిట్టు లేదు. ఇనుము మీద ఆకురాయి పెట్టి ఒకే జోరుగా రాకుతున్నట్టు సాగుతోంది. "ఆ నవ్వెందుకు? మీ అక్కతో ఫోన్లో అంతసేపు ఏం మాట్లాడావు? చివర్లో 'చూద్దాం' అన్నావు, ఏం చూద్దామని?"

ఎవడు వీడు? నా ఇంట్లో, నా భార్యని ఇంత హక్కుగా నిలదీస్తున్నాడు! ఎంత ఓర్పుగా అడుగుతున్నాడో అంత అసహ్యంగా ఉన్నాడు. కనపడితే గూబ పగలగొట్టాలనిపించేంత అసహ్యంగా. పాపం అది కూడా ఎలా పడుతోందో వీణ్ణి, అనుకున్నాడు తాళాలాయన, భార్య మీద మొదటిసారి జాలిపడుతూ.

"పెరటి తలుపు దగ్గర అగ్గిపుల్ల ఎవరు కదిపారు?" అంది గొంతు.

సుత్తి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. అగ్గిపుల్ల సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు. తన గొంతు బయటినుంచి ఎలా ఉంటుందో ఆయన అంతవరకూ వినలేదు. సుత్తి బల్ల మీద పెట్టేశాడు. నోట్లో తుప్పు రుచి తగిలినట్టయింది. అయినా అనుమానం అంత తేలిగ్గా చచ్చేది కాదు. అడగటం నా తప్పు కావచ్చు, కానీ దాచడానికేమీ లేకపోతే నా భార్య దిబ్బలకెందుకు తీసుకెళ్తానంది, అని దానికదే మళ్ళీ లేచి నిలబడింది. ఇంకో గ్లాసు నీళ్ళు పోశాడు.

అప్పుడొచ్చింది భార్య గొంతు. మధ్యాహ్నపు గొంతు. ఆయన ఎన్నడూ వినని గొంతు, నెమ్మదిగా, స్పష్టంగా, కాస్త గట్టిగా.

"ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి."

ఏవండీ! ఆ పిలుపు తనొక్కడిదే అనుకున్నాడు. ఇంకెవరినో కూడా ఆ పిలుపే పిలుస్తోందా? ఆయన చెవి కుండీకి ఆనించాడు.  తర్వాత గేటు గడియ కిర్రుమని లేచి ఠక్కుమని పడిన చప్పుడు. వెంటనే ఆవిడ గొంతు చిన్నదైపోయి, "వచ్చారా? నీళ్ళు తెమ్మంటారా?" అంది.

అంటే ఎవడో గేటు తీసుకుని దర్జాగా వస్తున్నాడన్నమాట. వీధిలో వాళ్ళ ఎదుటే!  ఆ చప్పుడు తన ఇంటి గడియదే, అందులో సందేహం లేదు. వచ్చేపోయేవాళ్ళు తెలియాలని ఆయన దానికి ఎన్నడూ నూనె వెయ్యనివ్వలేదు. ఇప్పుడు వాడెవడో నోరు విప్పాలి. ఊపిరి బిగబట్టి విన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది మగ గొంతు.

మళ్ళీ ఆకురాయి గొంతే. వచ్చినవాడు తనే.

ఆ తర్వాత కుండీ ఆగలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ పై రోజూ అదే. "ఏవండీ, మీతో ఒక మాట చెప్పాలి. కోప్పడకుండా వినండి." గడియ చప్పుడు. "వచ్చారా?" "ఏవండీ, అక్క ఆడవాళ్ళకి డ్రైవింగు స్కూలు పెట్టింది కదా. నేర్పడానికి నన్ను రమ్మంటోంది." గడియ చప్పుడు. "వచ్చారా? టీ పెట్టమంటారా?" ఒకసారి నవ్వుతూ చెప్పిచూసింది. ఒకసారి ఏడుస్తూ మొదలుపెట్టి, ముక్కు చీదుకుని, "ఇలా కాదు," అని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఒకసారి ఎదురుగా ఆయన కూర్చున్నట్టే ఊహించుకుని, "ముందు టీ తాగండి, చల్లారిపోతుంది," అంది. అప్పుడు తాళాలాయనకి ఆ ఎక్కువ కప్పు ఎవరిదో తెలిసింది.

ఆవిడ ఆ మాటలు ఆరునెలలుగా కాదు, ఏళ్ళ తరబడి దిద్దుకుంటోంది. పాత మాటల్లో వ్యాను ఉంది, వదులుకున్నందుకు కోపం ఉంది. కొత్తవాటిలో కోపం కూడా తగ్గిపోయింది. "మీ మీద కోపంతో కాదండీ. మొదట్లో కోపంతోనే వెళ్ళిపోదామనుకున్నాను. ఇప్పుడు అదీ లేదు. ఇక్కడ నాకు..." గడియ చప్పుడు. "ఇక్కడ నాకు..." గడియ చప్పుడు. ఆ రెండు మాటల దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ ఆయనే వచ్చేవాడు.

ఇక్కడ నీకేమిటి? ఆయనకి ఆ మిగతాది కావాలి. ఆ ఊళ్ళో ఎవరి ఇంటి లోపలికైనా వెళ్ళగల మనిషికి ఆ ఒక్క మాట లోపలికి దారి దొరకలేదు. కుండీలో నీళ్ళు పోశాడు, ఇంకా పోశాడు, మట్టి బురదై అంచుల మీదుగా కారి యంత్రం తడిసింది. చివరికి ఒక మధ్యాహ్నం కుండీ గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి ఆగిపోయింది. ఎన్ని నీళ్ళు పోసినా ఉత్త నీళ్ళ చప్పుడే. చిలక విన్నదంతా చెప్పేసింది. ఆ మాటకి చివర అనేది అది వినలేదు, ఎందుకంటే ఆవిడ ఎన్నడూ చివరిదాకా వెళ్ళలేదు.

తాళాలాయన షట్టర్ ఎత్తి, కుండీ చంకలో పెట్టుకుని, ఇంటిదారి పట్టాడు. ఎండ మండిపోతోంది. వీధి మలుపు తిరిగేసరికే ఆవిడ గొంతు వినపడింది. భార్య గేటుకి వీపు పెట్టి ఖాళీ పంజరం ముందు కూర్చుని ఉంది. పంజరం కడిగి, తుడిచి, తలుపు తెరిచి పెట్టి ఉంది. ఎదురుగా స్టూలు మీద ఒక టీ కప్పు ఉంది.

ఆయన గేటు మీద చెయ్యి వేశాడు. వెయ్యగానే గడియ కదలబోయింది. రెండు వేళ్ళ మధ్య దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఎండకి కాలిపోతోంది. వదిలితే చప్పుడవుతుంది. చప్పుడైతే ఆవిడ ఆగిపోతుంది, గొంతు చిన్నదైపోతుంది, "వచ్చారా?" అంటుంది. వదల్లేదు. కుండీ బరువుకి ఒక పక్క ఒరిగిపోతూ, వేళ్ళు బొబ్బలెక్కుతుంటే పళ్ళు బిగబట్టి, దొంగలా తన ఇంటి గేటు దగ్గర నిలబడి విన్నాడు.

"...ఇప్పుడు అదీ లేదు. ఇక్కడ నాకు..." అంది భార్య. అలవాటుగా ఆగింది, తల కాస్త పక్కకి తిప్పింది. గేటు చప్పుడు కాలేదు. కాకపోయేసరికి ఆవిడే తత్తరపడింది. తర్వాత ఏం చెప్పాలో సిద్ధం చేసుకోనేలేదు మరి. కాసేపు టీ కప్పు వైపు చూసి, మెల్లగా మొదలుపెట్టింది.

"ఇక్కడ నాకు నాదంటూ ఏమీ మిగల్లేదండీ. మీరు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అడిగారు, అంతే. అడిగిన ప్రతిదానికీ చెప్పాను. ఎక్కడికెళ్ళానో చెప్పాను, ఎందుకు నవ్వానో చెప్పాను, నిద్రలో ఎందుకు కదిలానో కూడా చెప్పాను. ఏ తప్పూ చెయ్యకుండానే రోజూ సాయంత్రానికి నిర్దోషినని తేలేదాన్ని. పొద్దున్నే మళ్ళీ పట్టుకునేవారు."  ఆయన కోసం పెట్టిన టీ తీసుకుని తనే ఒక గుక్క తాగింది. "వెళ్ళనివ్వండి అని అడగట్లేదు. వెళ్తున్నానని చెబుతున్నాను."

చెప్పేసి, తన నోటివెంట అంత మాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయినట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తాళాలాయనకి ఏడుపొచ్చింది. ఇంతకాలం ఆ ఇంట్లో దొంగ కోసం వెతికాడు. ఆవిడ దగ్గర్నుంచి రోజుకింత ఎత్తుకుపోయినవాడు దొరికాడు, ఇప్పుడు గేటు దగ్గర చేతులు కాల్చుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆయన గడియ వదిలాడు.

ఠక్కుమంది. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "వచ్చారా? నీళ్ళు..." అని, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"విన్నాను," అన్నాడు. "చివరిదాకా."

ఆవిడ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన కుండీ కింద పెట్టాడు.

"ఎప్పుడు బయల్దేరదామనుకుంటున్నావు?" అని అడిగాడు. అడగ్గానే నాలుక కరుచుకున్నాడు, అదీ ప్రశ్నే కదా అని.

"ఎల్లుండి పొద్దున బస్సుంది," అంది ఆవిడ.

లోపల్నుంచి అప్పుడే నిద్రలేచిన ముసలావిడ, "ఏంట్రా, అయిపోయిందా దాని వాగుడు? ఏమందిరా నా గురించి?" అని అరిచింది.

"చక్కెర సంగతి చెప్పిందమ్మా."

మంచం కిర్రుమంది. "మూగది కాదురా అది," అంది ముసలావిడ చివరికి. "మహా కంత్రీది."

భార్యకి నవ్వొచ్చింది. ఎందుకు నవ్విందో ఆయన అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు.

"ఆ కుండీ నాకిస్తారా?" అని ఆవిడ అడిగింది.

"అందులో మాటలైపోయాయి. ఇప్పుడది ఉత్త మట్టే."

"అయినా ఇవ్వండి. అది నా మాట పదేళ్ళు విన్నది."

బస్సు రోజు ఆయనే పెట్టె మోసుకెళ్ళాడు. ముసలావిడ గేటు దాకా వచ్చి, కోడలికి దారిలో తినడానికని ఒక పొట్లం ఇచ్చింది. అందులో చక్కెర ఉందని ఇద్దరికీ తెలుసు. బస్టాండులో ఆవిడ డ్రైవరు వెనక సీట్లో, రోడ్డు బాగా కనపడే చోట కూర్చుంది. కుండీ ఒళ్ళో పెట్టుకుంది. పక్క సీట్లో ఎవడో సన్నమీసాల మనిషి వచ్చి కూర్చున్నాడు. తాళాలాయన వాణ్ణి చూశాడు, వాడి బూట్లు చూశాడు, వాడి సంచి మీద ఏముందో చూశాడు. వాడెవడు, ఎక్కడిదాకా వెళ్తున్నాడు, ఇదే సీటు ఎందుకు ఎంచుకున్నాడు అనే ప్రశ్నలు గొంతులోకి తోసుకొచ్చాయి. ఆ జబ్బు పోయేది కాదు, ఆయనకి తెలుసు. వాటన్నిటినీ మింగి, కిటికీ ఊచ పట్టుకుని, ఒక్కటే అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

బస్సు కదలబోతోంది. ఆవిడ కుడికాలు కింద లేని బ్రేకు మీద ఆనింది. ఆయన్ని తృప్తిపరిచే జవాబు కోసం మొహంలోకి చూడకుండా, రోడ్డు వైపే చూస్తూ, కాసేపు నిజంగా ఆలోచించింది.

"తెలీదండీ," అంది.

ఆయన నమ్మాడు.